జ్వరం వస్తే తెల్లవారే దాకా ఆగవద్దు

ప్రశ్న: మా పాపకు అయిదేళ్లు. నాలుగు నెలల క్రితం ఏ.ఎల్.ఎల్. రకం బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. హైదరాబాదులో కీమో జరుగుతోంది. మధ్య మధ్యలో ఏలూరు దగ్గర మా ఊరికి వచ్చి వెళుతున్నాం. పోయిన నెల ఒక రాత్రి జ్వరం వస్తే ఊళ్లో ఆర్.ఎం.పి. గారు జ్వరం సిరప్ ఇచ్చారు. వేసి పడుకోబెట్టాం. తెల్లవారేసరికి పాప కాళ్లు చేతులు చల్లబడి, పిలిస్తే పలకలేదు. ఐ.సి.యు.లో పెట్టి బతికించారు. రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకిందన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు. పెరుగన్నం పెట్టావనీ, చూడవచ్చిన వాళ్లను లోపలికి రానిచ్చావనీ మాటలు. మా బాబుకు ఎనిమిదేళ్లు, బడికి వెళతాడు. వాడిని అమ్మమ్మ ఇంట్లో ఉంచమంటున్నారు. ఒంట్లో కణాలను ఇంతగా పడగొట్టే మందు అసలు ఎందుకివ్వాలి అని మావారు అడుగుతున్నారు. ఇప్పుడు మా వీధిలో ఒక పిల్లవాడికి అమ్మవారు పోసింది. నాకు భయంగా ఉంది. ప్లేట్‌లెట్లు పెరగడానికి బొప్పాయి ఆకు రసం పట్టవచ్చా? తిరుపతిలో పాప తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నాం. అది ఎప్పుడు తీర్చుకోవచ్చు?
– ఒక తల్లి, ఏలూరు జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అడిగినవి నాలుగైదు ఉన్నా, అడగకుండా అడిగింది ఒకటి ఉంది: తప్పు నాదేనా అని. ముందు దానికే చెబుతాను. కాదు.

కీమో నడుస్తున్న పిల్లలకు వచ్చే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం బయటి నుంచి ఎవరో తెచ్చి అంటించేవి కావు. పిల్లల సొంత పేగుల్లో, నోట్లో, చర్మం మీద పుట్టినప్పటి నుంచీ కాపురముంటున్న బాక్టీరియాతోనే వస్తాయి. ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటివి మీ పేగుల్లోనూ ఉంటాయి, నా పేగుల్లోనూ ఉంటాయి. కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు నోటి నుంచి పేగు చివరి దాకా ఉన్న మెత్తటి లోపలి పొరనూ పలచబరుస్తుంది. పాప నోట్లో పుండ్లు పడటం మీరు చూసే ఉంటారు. అలాంటివే కంటికి కనపడకుండా పేగులోనూ పడతాయి. అక్కడి నుంచి బాక్టీరియా రక్తంలోకి దిగుతుంది. ఆ సమయానికి దాన్ని పట్టి చంపాల్సిన తెల్ల కణాలు కీమో దెబ్బకు అడుగంటి ఉంటాయి. జరిగేది ఇది. ఇందులో పెరుగన్నానికి గానీ, చూడవచ్చిన పిన్నిగారికి గానీ పెద్దగా పాత్ర లేదు. ఈ పేరా ఇంట్లో అందరి ముందూ పైకి చదివి వినిపించండి.

ఆ రాత్రి నిజంగా దెబ్బ తీసింది ఆగిన గంటలు. దానికీ మిమ్మల్ని అనను. జ్వరం వస్తే ఏం చేయాలో ఎవరూ కాగితం మీద రాసి చేతిలో పెట్టకపోతే ఏ తల్లయినా సిరప్ వేసి పొద్దున్న చూద్దామనే అనుకుంటుంది. మామూలు పిల్లల విషయంలో అది సరైన పనే. మీ పాప విషయంలో మాత్రం కాదు.

కారణం తెలిస్తే గుర్తుంటుంది. మనకు ముల్లు గుచ్చుకుంటే అక్కడ ఎర్రబడుతుంది, వాస్తుంది, చీము పడుతుంది. ఆ చీము చాలావరకు బాక్టీరియాతో పోరాడి చచ్చిన తెల్ల కణాల కుప్ప. న్యూట్రోఫిల్స్ అనే ఆ కణాలు లేని పిల్లలకు చీము పట్టదు, పుండు ఎర్రబడదు, న్యుమోనియా వచ్చినా మొదట్లో ఎక్స్‌రేలో సరిగా కనపడకపోవచ్చు. ఇన్ఫెక్షన్ ఉందని చెప్పడానికి ఆ ఒంట్లో మిగిలే గుర్తు తరచుగా జ్వరం ఒక్కటే. సిరప్ వేసి దాన్ని దించేస్తే ఉన్న ఒక్క గుర్తునూ చెరిపేసినట్టు. లోపల బాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది, పైకి పిల్ల హాయిగా నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది.

అందుకని పారాసిటమాల్ సీసా మీద ఒక కాగితం అంటించండి: ‘ముందు ఉష్ణోగ్రత, తర్వాత డాక్టరుకు ఫోను, ఆయన వేయమంటేనే ఇది.’ ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ అసలు ఇంట్లోనే ఉంచవద్దు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న పిల్లలకు వాటితో రక్తస్రావం భయం.

డిజిటల్ థర్మామీటరు ఒకటి పాపకని విడిగా పెట్టుకోండి. బాగా ఆరిన చంకలో పెట్టి, చెయ్యి ఒంటికి ఆనించి పట్టుకుని, బీప్ వచ్చే దాకా ఆగండి. మలద్వారంలో పెట్టి చూడటం, అక్కడి నుంచి మందు గుళికలు పెట్టడం, ఎనీమా ఇవ్వడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. అక్కడి సన్నని పొర చిట్లితే బాక్టీరియాకు మనమే దారి ఇచ్చినట్టు. చాలా క్యాన్సర్ ఆసుపత్రుల లెక్క ప్రకారం 101 డిగ్రీలు ఒక్కసారి కనిపించినా, 100.4 ఒక గంట పాటు ఉన్నా అది ఎమర్జెన్సీ. మీరు ఊళ్లో ఉంటున్నారు గనుక 100.4 కనిపించగానే ఫోను చేయండి, సంచీ సర్దడం మొదలుపెట్టండి. గంట తర్వాత మళ్లీ చూడటం దారిలోనూ చేయవచ్చు. చంకలో చూస్తే నోట్లో కంటే కాస్త తక్కువే చూపిస్తుంది, కాబట్టి ‘కొంచెమేగా’ అని సర్దిచెప్పుకోవద్దు.

జ్వరం లేకుండానే ఇన్ఫెక్షన్ ముదిరే సందర్భాలూ ఉన్నాయి. పాపకు డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు నడిచే వారాల్లో జ్వరం రాకపోవచ్చు, కడుపులో పెద్ద గొడవ జరుగుతున్నా నొప్పి అంతగా తెలియకపోవచ్చు. ఒళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం, ఊపిరి వేగంగా తీయడం, ఎన్నడూ లేనంత మందకొడిగా పడుకోవడం, కడుపు నొప్పి, వణుకు – వీటిలో ఏది కనిపించినా థర్మామీటరు ఏం చెప్పినా బయలుదేరండి. మందులు ఎక్కించడానికి పాపకు చర్మం కింద అమర్చిన పోర్టు గానీ, చేతి నరంలోంచి వేసిన పిక్ లైను అనే సన్నని గొట్టం గానీ ఉంటే, దాన్ని సెలైన్‌తో ఫ్లష్ చేసిన కాసేపటికి చలి, వణుకు వచ్చిందంటే లైనులోనే ఇన్ఫెక్షన్ ఉందని అనుమానించాలి. తల్లికి ‘ఇవాళ పిల్ల ఎందుకో తేడాగా ఉంది’ అనిపించడాన్ని కూడా నేను ఒక లక్షణంగానే లెక్క వేస్తాను.

ఎక్కడికి బయలుదేరాలి? అసలు చిక్కంతా ఇక్కడే. ఆసుపత్రి గడప తొక్కిన గంటలోపు నరంలోకి మొదటి డోసు యాంటీబయాటిక్ పడాలన్నది లక్ష్యం. మీ ఊరి నుంచి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం జ్వరంతో, మందు పడకుండా తీసుకెళ్లడం ప్రమాదం. మొదటి డోసు దగ్గర్లో పడాలి, ఆ తర్వాతే ప్రయాణం. ఏలూరులోనో విజయవాడలోనో పిల్లల వార్డు, రాత్రిపూట డ్యూటీ డాక్టరు ఉన్న ఒక ఆసుపత్రిని ఇప్పుడే, పాప బాగున్నప్పుడే వెళ్లి మాట్లాడి పెట్టుకోండి. అర్ధరాత్రి జ్వరంతో వెళ్లి అక్కడి డాక్టరుకు మొదటి నుంచి కథంతా చెప్పుకునే పరిస్థితి రాకూడదు.

ఆ డాక్టరు చేతిలో పెట్టడానికి ఒక ఉత్తరం కావాలి. ఈసారి హైదరాబాదు వెళ్లినప్పుడు మీ క్యాన్సర్ డాక్టరును అడిగి రాయించుకోండి. పాప జబ్బు పేరు, ఏ దశ నడుస్తోంది, చివరి కీమో ఏ తేదీన పడింది, లైను ఉందా, ఏ మందులు పడవు, జ్వరం వస్తే మొదట ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ పేరు, పాప బరువును బట్టి డోసు, రాత్రి కూడా పలికే ఫోను నంబరు – ఇవన్నీ ఒకే పేజీలో, ముద్ర వేసి. కుదిరితే ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ బాక్టీరియా ఉందో పట్టే పరీక్ష) తీయాలనీ, అది కుదరదని యాంటీబయాటిక్ ఆపవద్దనీ కూడా రాయమనండి. తొడకు, పిరుదుకు సూదులు వేయవద్దన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఊళ్లో జ్వరమంటే మొదట గుర్తొచ్చేది ఆ సూదే. ప్లేట్‌లెట్లు తక్కువున్న పిల్లకు కండలోకి సూది వేస్తే లోపల రక్తం గడ్డకట్టి, అదే కొత్త ఇన్ఫెక్షన్‌కు చోటవుతుంది. ఈ ఉత్తరం రెండు జిరాక్సులు తీసి ఒకటి ఫైల్లో, ఒకటి మీవారి జేబులో, ఫోటో ఇద్దరి ఫోన్లలో. 108కి ఫోను చేసినప్పుడు ‘బ్లడ్ క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న పాపకు జ్వరం’ అని మొదటి వాక్యంలోనే చెప్పండి. చిన్నపిల్లకు జ్వరం అంటే ఎవరూ పరుగెత్తరు.

రక్త పరీక్ష కాగితం చదవడం కూడా నేర్చుకోండి, కష్టమేమీ కాదు. రిపోర్టులో మొత్తం తెల్ల కణాలు 1200 అనీ, న్యూట్రోఫిల్స్ 15 శాతం అనీ ఉందనుకుందాం. 1200లో 15 శాతం అంటే 180. మీ డాక్టర్లు ‘ఏ.ఎన్.సి.’ అంటున్నది ఈ అంకెనే. 1500 పైన ఉంటే మామూలు. 500 కంటే దిగితే గట్టి జాగ్రత్త. 100 లోపల అయితే అన్నిటికంటే ప్రమాదం. ఈ అంకెలు ఎవరో ఊహించి పెట్టినవి కావు. 1966లో అమెరికాలో జెరాల్డ్ బోడీ బృందం అక్యూట్ ల్యుకేమియా (మీ పాపకు వచ్చిన తరహా బ్లడ్ క్యాన్సర్) రోగుల తెల్ల కణాల కౌంట్లనూ, వాళ్లకు వచ్చిన ఇన్ఫెక్షన్లనూ పక్కపక్కన పెట్టి చూసి, కణాలు ఎంత తగ్గితే, ఎన్ని రోజులు తగ్గి ఉంటే ప్రమాదం అంత పెరుగుతుందని తేల్చింది. సాధారణంగా కీమో పడిన వారం నుంచి రెండు వారాల మధ్య కౌంట్లు బాగా దిగుతాయి. క్యాలెండరులో ఆ రోజులకు ఎర్ర సిరాతో గీత పెట్టుకోండి. వీలైతే ఆ రోజుల్లో ఊరికి రాకుండా ఆసుపత్రి దగ్గరే ఉండండి. దూరం నుంచి వచ్చే క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచితంగా వసతి ఇచ్చే సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు హైదరాబాదులోనూ ఉన్నాయి. వాటి గురించి మీ ఆసుపత్రి సోషల్ వర్కరును అడగండి.

కణాలను ఇంతగా పడగొట్టే మందు ఎందుకివ్వాలి అని మీవారు అడిగారని రాశారు. జబ్బు కణాలను చంపేది అదే మందు గనుక. పాపకు ముందు ముందు వారానికోసారి వేసే మెథోట్రెక్సేట్ వెనక మన మనిషి ఉన్నాడు. మీకు పొరుగునే ఉన్న భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థలో నడిపించిన పరిశోధన నుంచే ఈ జాతి మందులు వచ్చాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 1947 చివర్లో అదే జాతికి చెందిన అమినోప్టెరిన్‌ను ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి జబ్బు కొన్నాళ్ల పాటు వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ పిల్లలకు ఇవ్వడానికి మందన్నదే లేదు. ఇప్పుడు పూర్తి చికిత్స అందిన పిల్లల్లో ఎక్కువ మందికి ఈ జబ్బు నయమవుతోంది. మన దేశంలో చికిత్స మధ్యలో పోగొట్టుకునే పిల్లల్లో చాలామందిని తీసుకుపోతున్నది క్యాన్సర్ కాదు, ఇన్ఫెక్షన్. అందుకే ఒక్క జ్వరం గురించి ఇంత పొడుగున రాస్తున్నాను.

వారంలో రెండు మూడు రోజులు వేయమని ఇచ్చిన కోట్రైమాక్సజోల్ మాత్ర సంగతి. పిల్ల బాగున్నప్పుడు యాంటీబయాటిక్ ఎందుకని దాన్ని మానేసే తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. న్యుమోసిస్టిస్ అనే ఒక రకం న్యుమోనియా ఈ పిల్లలను పొడి దగ్గుతో, ఆయాసంతో చడీచప్పుడు లేకుండా పట్టుకుంటుంది. 1977లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో వాల్టర్ హ్యూస్ బృందం సగం మంది పిల్లలకు ఈ మందు, మిగతా సగానికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూసింది. ఉత్తుత్తి మందు పడిన వాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఆ న్యుమోనియా వచ్చింది, అసలు మందు పడిన వాళ్లలో ఒక్కరికీ రాలేదు. డాక్టరు ఆపమనే దాకా దాన్ని ఆపవద్దు.

ఇక అమ్మవారు. ఈ ఉత్తరం చదవగానే చేయాల్సిన పని ఇదే. పాప ఆ పిల్లవాడితో ఆడిందా, ఒకే గదిలో కాసేపు ఉందా, వాడికి పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు కలిసిందా అని గుర్తు తెచ్చుకోండి. పొక్కులు కనపడక ముందే ఇది అంటుతుంది. కలిసిందన్న అనుమానం ఉంటే ఈ రోజే మీ డాక్టరుకు ఫోను చేయండి. అంటిన తొలి రోజుల్లోనే ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ ఉంది. అది దొరకకపోతే ఎసైక్లోవిర్ మందు ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో చెబుతారు. పొక్కులు వచ్చేశాక అయితే ఆసుపత్రిలో చేర్చి నరంలోకే మందు ఇవ్వాల్సి వస్తుంది. మామూలు పిల్లలకు ఆటలమ్మ వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. మీ పాపకు అది ఊపిరితిత్తులకూ కాలేయానికీ పాకవచ్చు. గుమ్మానికి వేపమండలు కట్టుకోండి, అత్తగారి మనసు కష్టపెట్టనక్కరలేదు. అమ్మవారు ఉన్నప్పుడు ఆసుపత్రికి వెళ్లకూడదు, మందు వేయకూడదు అన్న మాట దగ్గర మాత్రం మీరు గట్టిగా నిలబడాలి. తట్టు సోకిన పిల్లల దగ్గరికి వెళ్లినా ఇదే తొందర, ఇదే ఫోను.

బాబును అమ్మమ్మ ఇంటికి పంపవద్దు. సూదులు, సెలైన్లు, జుట్టు ఊడిన తల – వీటి మధ్య పాపకు ఇంట్లో మిగిలిన బాల్యం వాడే. వాడు బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు, కాళ్లు, ముఖం కడుక్కుని బట్టలు మార్చుకుంటే సరిపోతుంది. జలుబు, విరేచనాలు ఉన్న రోజుల్లో వేరే గదిలో పడుకుంటాడు. వాడికి వేయాల్సిన టీకాలన్నీ వేయించండి. తట్టు, ఆటలమ్మ టీకాలు వాడికి వేయించడం పాపకు రక్షణ. ఇంట్లో పెద్దలంతా ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం కూడా అంతే. పోలియో చుక్కల విషయం మాత్రం వేరు. నోట్లో వేసే చుక్కల్లోని బలహీన వైరస్ కొన్నాళ్లు మలంలో పోతుంది. ఇంట్లో ఏ పిల్లవాడికైనా చుక్కలు వేయించాల్సి వస్తే ముందుగా మీ డాక్టరుకు చెప్పండి, బదులుగా సూది టీకా ఉంది. పాపకైతే చికిత్స అయి కొన్ని నెలలు గడిచే దాకా బతికి ఉన్న వైరస్‌తో తయారైన టీకా ఏదీ వేయించకూడదు. పల్స్ పోలియో రోజున ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్తకు ఆ మాట మీరే చెప్పాలి.

తిండి గురించి లోకంలో ఉన్నన్ని ఆంక్షలు అక్కరలేదు. అప్పుడే వండిన వేడి అన్నం, పప్పు, బాగా ఉడికిన కూర, గుడ్డు, కాచి చల్లార్చిన నీళ్లు, తొక్క తీసి తినే అరటిపండు, కమలాపండు – పాపకు నచ్చితే పెట్టండి. కాచిన పాలను శుభ్రమైన గిన్నెలో తోడు పెట్టి, ఆ రోజే తినే ఇంటి పెరుగు మా పిల్లలకు నేను వద్దనను. మీ ఆసుపత్రి డైటీషియన్ వేరే చెబితే ఆవిడ మాట వినండి. చద్దన్నం, పచ్చి కూరగాయలతో నూరిన రోటి పచ్చడి, బజారులో కోసి పెట్టిన పండ్ల ముక్కలు, చెరుకు రసం, పానీపూరీ, గుడిలో ఇచ్చే తీర్థం ఇప్పటికి వద్దు. బొప్పాయి ఆకు రసం కూడా ఈ జాబితాలోదే. ఎంత కడిగినా మట్టి, సూక్ష్మజీవులు వదలని పచ్చి ఆకును నూరి, తెల్ల కణాలు లేని పిల్లకు పట్టడమంటే నాకు భయం. కీమో వల్ల తగ్గిన ప్లేట్‌లెట్లు మూలుగ కోలుకోగానే వాటంతట అవే పెరుగుతాయి, మరీ తగ్గితే ఎక్కిస్తారు. గోధుమ గడ్డి రసానికీ, పొట్లాల్లో వచ్చే ఆకు మందులకూ ఇదే జవాబు. వాటిలో కొన్ని కీమో మందులతో కలిసి కాలేయం మీద భారం వేస్తాయి కూడా.

నోటి శుభ్రం మీద మాత్రం చాదస్తంగానే ఉండండి. మెత్తటి బ్రష్షు, తిన్న ప్రతిసారీ ఉప్పు నీళ్లతో పుక్కిలింత. లైను కట్టు తడిసినా ఊడినా అదే రోజు మార్పించండి, దాని చుట్టూ పసుపు గానీ విభూతి గానీ పెట్టవద్దు. ఇంటికి సున్నం వేయడం, గోడ పగలగొట్టడం లాంటి పనులు ఉంటే వాయిదా వేయండి, ఆ దుమ్ములో, చెమ్మ గోడల్లో ఉండే బూజు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. రాత్రి దోమతెర. ఇంట్లోగానీ, రోజూ వచ్చిపోయే వాళ్లలోగానీ ఎవరికైనా వారాల తరబడి దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించండి. చూడవచ్చే వాళ్లను గుమ్మం నుంచే పంపనక్కరలేదు, జలుబు ఉన్నవాళ్లు రాకుండా, వచ్చినవాళ్లు చేతులు కడుక్కుని, బిడ్డను ముద్దులాడకుండా ఉంటే చాలు.

మొక్కు సంగతి. కౌంట్లు పడిపోయే ఈ నెలల్లో కొండ మీద క్యూలో నిలబెట్టడం గానీ, ప్లేట్‌లెట్లు తక్కువున్న తల మీద కత్తి పెట్టించడం గానీ వద్దు. పైగా ఇప్పుడు ఇవ్వడానికి పాపకు తలనీలాలు ఎక్కడున్నాయి? వీలైతే మీవారు వెళ్లి తనవి ఇచ్చి రావచ్చు. పాప మొక్కు చికిత్స పూర్తయ్యాక, జుట్టు మళ్లీ ఒత్తుగా వచ్చాక తీర్చుకోండి. దానికి ఇంకా రెండేళ్లు పట్టవచ్చు. ఈలోగా మెయింటెనెన్స్ దశ (ఎక్కువగా ఇంటి దగ్గరే మాత్రలతో సాగే చివరి దశ) మొదలై కౌంట్లు నిలకడగా ఉంటే, డాక్టరు సరేనన్న రోజు నుంచి పాపను బడికి కూడా పంపవచ్చు. ఆ దశలోనూ 100.4 అంటే 100.4 గానే చూడండి. జేబులోని ఉత్తరం పాతబడితే, దశ మారినప్పుడల్లా కొత్తది రాయించుకోండి.